సస్తా టికెట్ ఎవరికి సస్తా?

బడులకు సెలవులిచ్చే రోజులు దగ్గర పడ్డాయంటే చాలు, అమెరికాలో మన తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొత్త ఉస్తాదులు పుట్టుకొస్తారు. ‘చికాగో నుంచి బార్సిలోనా, రానుపోను 390 డాలర్లు! వెతకడం తెల్వాలె భాయ్’ అని ఒక స్క్రీన్‌షాట్ పడుతుంది. కింద వాహ్‌వాలు, మాషా అల్లాలు, బొటనవేళ్లు. ఎవరో ఒక బిచారా ముసాఫిర్ ‘మా ఐదుగురికి ఐదు వేలు దాటుతోంది భాయ్‌జాన్, ఏం చెయ్యాలె’ అని అడిగితే ఇక నసీహత్‌ల వాన. మంగళవారం అర్ధరాత్రి కొను. కుకీలు తుడిచెయ్. తారీఖులు అటూ ఇటూ జరుపు. డబ్లిన్‌కు పోయి అక్కణ్నుంచి చిన్న విమానం పట్టుకో. భుజానికి ఒక్క సంచీ తగిలించుకుని పో.

నా లడాయి ఈ నసీహత్‌లతోనే. వీటిలో కొన్ని అబద్ధాలు, కొన్ని సగం నిజాలు. అది సరే. అసలు జుల్మ్ వేరే ఉంది. టికెట్ మహంగా దొరికితే నీ జహాలత్, సస్తాగా దొరికితే నీ హోషియారీ అని ఇవి మనల్ని నమ్మిస్తాయి. కిరాయా పెంచినవాడు పక్కకు తప్పుకుంటాడు, కట్టినవాడు ముజ్రిమ్ లాగా తల దించుకుంటాడు. ఎక్కువ పెట్టి కొన్నామని బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడే ఖాన్‌దాన్‌లను నేను చూశాను. సిగ్గు ఎందుకు? దొంగతనం చేశారా?

మా హిసాబ్ చెబుతాను. అమెరికాకు వచ్చి పద్దెనిమిదేళ్లు. గ్రీన్‌కార్డు క్యూలో ఇంకా నిలబడే ఉన్నాం. నాదీ బేగందీ ఇండియా పాస్‌పోర్టు. ముగ్గురు పిల్లలూ ఇక్కడే పుట్టారు, వాళ్లది అమెరికా పాస్‌పోర్టు. కుర్తుబాలో ఆ ఎర్రతెల్ల కమానులు, గర్నాతాలో అల్‌హమ్రా పిల్లలకు చూపించాలని ఏళ్ల తమన్నా. పెద్దమ్మాయి కాలేజీకి వెళ్లిపోతే ఐదుగురం కలిసి సఫర్ చేసే మౌకా మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో. కాబట్టి జూలైలోనే, బడి లేనప్పుడే. ఫిబ్రవరి స్క్రీన్‌షాట్ మాకు ఏ పనికీ రాదు.

ముందు ఆ మంగళవారం కహానీ తేలుద్దాం. విమానంలో ఎకానమీ సీట్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి, పక్కపక్కనే ఉంటాయి. కాని కంపెనీ కంప్యూటర్‌లో అవి అక్షరాల వారీగా పంచి ఉంటాయి. ఒక్కో అక్షరం ఒక్కో దర్వాజా, ఒక్కో దర్వాజాకు ఒక్కో ధర. అన్నిటికంటే కింది దర్వాజాలో పిడికెడు సీట్లే పెడతారు. అవి అయిపోతే పైదాన్లోకి. ఏ దర్వాజా ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో రోజుకు ఎన్నిసార్లయినా మారుస్తారు. ఇందులో మంగళవారానికి బర్కత్ ఏమీ లేదు. మీ కుకీలకూ దీనికీ తాల్లుక్ లేదు.

అసలు మార్ ఎక్కడంటే, ఖాన్‌దాన్‌తో పోయేవాడి మీద. కింది దర్వాజాలో మూడే సీట్లు మిగిలాయనుకోండి. మీరు ఐదుగురికి వెతికితే, కంప్యూటర్ ముగ్గురికి తక్కువ, ఇద్దరికి ఎక్కువ అని చెప్పదు. ఐదుగురూ ఒకే దర్వాజాలో పట్టాలి కాబట్టి అందరికీ పై ధరే చూపిస్తుంది. నేను ఒక్కడికి వెతికితే 840 డాలర్లు వచ్చింది. ఐదుగురికి వెతికితే తలకు 1,010. అంటే మొత్తం 5,050. ముగ్గురికి ఒకసారి, ఇద్దరికి ఒకసారి విడగొట్టి చూస్తే 4,540. ఒకే విమానం, ఒకే రోజు, ఒకే నిమిషంలో 510 డాలర్ల ఫరఖ్! సముద్రం వెడల్పు మారిందా? పెట్రోలు ఎక్కువ తాగిందా? ఏమీ లేదు. పిల్లలున్నవాడికి పడ్డ జుర్మానా అది. కూరగాయల బండి దగ్గర కిలో కొంటే ముప్పై, ఐదు కిలోలు కొంటే కిలో నలభై అని ఎవడైనా అంటే మన అమ్మీలు వాణ్ని గల్లీలో నిలబడనిస్తారా?

(మీరూ అట్లా విడగొట్టి వెతకండి. అయితే రెండు బుకింగులు అవుతాయి కాబట్టి, కంపెనీకి ఫోన్ చేసి రెంటినీ జోడించమని చెప్పండి. పిల్లలున్న బుకింగులో ఒక పెద్ద ఉండేలా చూసుకోండి.)

ఇక పాస్‌పోర్టు. ‘డబ్లిన్‌కు పో, అక్కణ్నుంచి ముప్పై యూరోల విమానం’ అనే నసీహత్ ఎవరికోసం? ఐర్లండ్ షెంగెన్‌లో లేదు. రెండు వేర్వేరు టికెట్లు కొంటే సామాను తీసుకోవడానికి బయటికి రావాలి, బయటికి రావాలంటే ఇండియా పాస్‌పోర్టు వాడికి ఐర్లండ్ వీసా కావాలి. లండన్‌లో నాలుగు రోజులు ఆగుదామంటే బ్రిటన్ వీసా వేరే. షెంగెన్ వీసా ఒక్క ప్రవేశానికే ఇచ్చారనుకోండి, పారిస్ చూసి, లండన్ పోయి, మళ్లీ మాడ్రిడ్ వస్తామంటే కుదరదు, ఒక్కసారి బయటికి అడుగు పెడితే అది ఖతం. స్క్రీన్‌షాట్ పెట్టిన ఉస్తాద్‌కు ఇవేవీ గుర్తుండవు. ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చి పదేళ్లయింది, ముబారక్. కాని సలహా ఇచ్చేటప్పుడు క్యూలో ఉన్నవాళ్ల హాల్ కొంచెం యాద్ చేసుకోవాలి కదా.

షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. మా ఇద్దరికీ 180, దాని మీద సెంటర్ వాళ్ల ఖర్చు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్. అప్లికేషన్ ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, పదిహేను రోజుల ముందు దాకానే తీసుకుంటారు. అపాయింట్‌మెంట్ దొరకడం వేరే ఇమ్తిహాన్. ఇప్పుడు తమాషా చూడండి. కాన్సులేటు రానుపోను రిజర్వేషన్ చూపించమంటుంది. వీసా రాకముందే డబ్బు కట్టి టికెట్ కొనకండి అని కూడా అదే చెబుతుంది. సస్తా టికెట్టేమో వాపస్ ఇవ్వనిది. డబ్బు తిరిగొచ్చే టికెట్టు చాలా మహంగా. అమెరికాలో 24 గంటల కాయిదా ఒకటుంది, ప్రయాణానికి వారం ముందు కంపెనీ దగ్గరే నేరుగా కొంటే ఒక రోజులోపు రద్దు చేసుకోవచ్చు, లేకపోతే ఒక రోజు ధర పట్టి ఉంచుతారు. మంచిదే. కాని ఏ కాన్సులేటు ఒక్క రోజులో వీసా ఇస్తుంది? మీరు వీసా కోసం ఎదురుచూసే ఆ వారాల్లోనే కింది దర్వాజాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. ‘చివరి నిమిషం సేల్’ అనే మాట మన పాస్‌పోర్టుకు వర్తించదు. పిల్లలు మాత్రం అట్లా నడుచుకుంటూ వెళ్లిపోగలరు. అమ్మీ అబ్బాలే వేళ్లు స్కానర్ మీద పెట్టి కూర్చోవాలి.

హెచ్1బి స్టాంపు గడువు దాటినవాళ్ల మాట ఎత్తనే ఎత్తను. కెనడాకో మెక్సికోకో కొన్నాళ్లు పోయి రావడానికి వాళ్లకు ఒక మినహాయింపు ఉంది, ఐరోపాకు లేదు. స్టాంపు వేయించుకోకుండా తిరిగి రాలేరు. వాళ్లకు ఏ టికెట్టూ సస్తా కాదు.

కిరాయా ఎందుకింత అనే సవాల్‌కు జవాబ్ బ్రౌజర్‌లో లేదు, తారీఖ్‌లో ఉంది. అట్లాంటిక్ మీద ధర ఎన్నడూ దూరాన్ని బట్టి తేలలేదు. ఒకప్పుడు ఐయాటా అనే సంఘంలో కంపెనీలన్నీ కూర్చుని కిరాయాలు ఖరారు చేసేవి, సర్కార్లు మంజూరు చేసేవి. ఆ సంఘంలో లేని ఐస్‌లాండ్ కంపెనీ లోఫ్ట్‌లైడిర్, పాత పంఖా విమానాలతో రేక్యావిక్ మీదుగా లక్సెంబర్గ్ దాకా తక్కువకు తీసుకెళ్లేది. స్టూడెంట్లు, హిప్పీలు అందులోనే పోయేవాళ్లు. అంటే తక్కువకు పంపడం అప్పుడూ ముమ్‌కిన్‌గానే ఉంది, మిగిలినవాళ్లకు ఇష్టం లేదు అంతే.

1977 సెప్టెంబర్ 26న ఫ్రెడ్డీ లేకర్ అనే ఆసామి లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు స్కైట్రెయిన్ మొదలుపెట్టాడు. ఒకవైపు 59 పౌండ్లు. ముందు బుకింగ్ లేదు, క్యూలో నిలబడి కొనుక్కోవడమే, తిండి కావాలంటే డబ్బు కట్టాలి. జనం ఎగబడ్డారు. ఐదేళ్లు కూడా నిలవలేదు, 1982 ఫిబ్రవరిలో దివాళా. అప్పుల భారం, డాలర్ దెబ్బ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కాని పెద్ద కంపెనీలు కూడబలుక్కుని అతని ధరలకు దిగొచ్చి గొంతు నులిమాయని దావా పడింది. 1985లో ఆ కంపెనీలు కోర్టు బయట డబ్బిచ్చి రాజీ చేసుకున్నాయి. ఖసూర్ లేనివాళ్లు అంత డబ్బు ఎందుకిస్తారో మీరే సోచాయించండి.

అది పాత కథ అంటారా? కొత్తది వినండి. ‘ఇంధన సర్‌చార్జి’ అని టికెట్ మీద ఒక లైను ఉండేది. 2004 నుంచి 2006 మధ్య బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆ సర్‌చార్జి పెంచుకుంటూ పోయారు. ఐదు పౌండ్లున్నది అరవైకి చేరింది. వర్జిన్ తానే వెళ్లి ఇఖ్‌రార్ చేసి శిక్ష తప్పించుకుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 2007 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ కేసులో 30 కోట్ల డాలర్ల జుర్మానా పడింది. ఆ రోజుల్లో ఆ టికెట్లు కొన్నవాళ్లు కూడా మంగళవారం కొని ఉంటారు, బుధవారం కొని ఉంటారు. ఏం ఫాయిదా?

ఇప్పుడు అట్లా దొంగచాటుగా ఫోన్లు చేసుకోవాల్సిన జరూరత్ కూడా లేదు. ఖానూన్ ఇజాజత్ ఉంది. 1993లో కేఎల్ఎం, నార్త్‌వెస్ట్ కంపెనీలకు అమెరికా రవాణా శాఖ పోటీ చట్టం నుంచి మాఫీ ఇచ్చింది. అట్లాంటిక్ మీద అప్పటికవి చిన్నవే, పెద్దవాళ్లతో తలపడడానికి తోడు కావాలన్నాయి, కొంత న్యాయమే. కాని ఆ మాఫీ తర్వాత అందరికీ దక్కింది. ఈ రోజు డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం, వర్జిన్ ఒక జమాత్. యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా ఒక జమాత్. అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఫిన్ఎయిర్, ఎయిర్ లింగస్ మరొకటి. ఒక్కో జమాత్ లోపల ధరలు, షెడ్యూళ్లు కలిసి కూర్చుని నిర్ణయించుకోవచ్చు, అట్లాంటిక్ మీద వచ్చిన ఆమ్దనీ పంచుకోవచ్చు. విమానాల రంగులు వేరు, గల్లా ఒకటే. మీరు వెబ్‌సైటులో డెల్టా ధర, ఎయిర్ ఫ్రాన్స్ ధర పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నారంటే ఒకే దుకాణానికున్న రెండు షట్టర్ల మధ్య బేరం చేస్తున్నారన్నమాట.

కంపెనీల తరఫున ఒక మాట ఉంది. కలిసి పనిచేస్తే చిన్న ఊళ్ల నుంచి కూడా ఒకే టికెట్ మీద ఐరోపా దాకా పోవచ్చు, ఒక విమానం తప్పిపోతే ఇంకో కంపెనీ ఎక్కిస్తుంది అంటారు. నిజమే. మా చుట్టాలు కొలంబస్ నుంచి పోయి వచ్చారు, వాళ్లకు పనికొచ్చింది. కాని కనెక్షన్ టికెట్ అమ్ముకోవడానికి ధరలు కలిసి ఖరారు చేసుకోవాలా? న్యూయార్క్ నుంచి నేరుగా పారిస్ పోయే విమానంలో వీళ్ల దోస్తీ వల్ల ముసాఫిర్‌కు ఒరిగిందేమిటి? ఆ సవాల్‌కు జవాబ్ రాదు.

తక్కువకు తీసుకెళ్తామని వచ్చినవాళ్లు ఏమయ్యారో చూడండి. వావ్ ఎయిర్ 2019 మార్చిలో ఒక పొద్దున మూతపడింది, ఎక్కడివాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. నార్వీజియన్ 2021 జనవరిలో దూరపు విమానాలు బంద్ చేసింది. ప్లే 2025 సెప్టెంబర్‌లో పోయింది. వీళ్లందరినీ జమాత్‌లే చంపాయని అనను, అతిగా అప్పులు చేసినవాళ్లున్నారు, ఇంజిన్ల ఖరాబీతో నష్టపోయినవాళ్లున్నారు. 2022లో అట్లాంటిక్ మీద మొదలైన నార్స్ అయితే 2025లో తన విమానాలను మన ఇండిగోకు కిరాయికిచ్చింది, అవి ఆ ఏడాది ముంబై నుంచి ఆమ్‌స్టర్‌డామ్, మాంచెస్టర్ పోవడం మొదలుపెట్టాయి. తక్కువ ధరకు అట్లాంటిక్ దాటించడం కంటే విమానాన్ని వేరేవాడికి కిరాయికివ్వడమే మేలని ఒక కంపెనీకి అనిపించిందంటే ఈ బజార్ ఎట్లా ఉందో సమజ్ అవుతుంది.

సర్కార్ల చేయి కూడా లేకపోలేదు. బ్రిటన్ నుంచి విమానం ఎక్కితే పాసింజర్ డ్యూటీ అని ఒకటి కట్టాలి. 1994లో పెట్టారు, ఖజానా నింపుకోవడానికి. 2025 ఏప్రిల్‌లో అమెరికా దూరానికి ఎకానమీలో తలకు 90 పౌండ్లు అయింది. పదహారేళ్ల లోపు పిల్లలకు లేదు, ఒకే టికెట్ మీద లండన్‌లో విమానం మారి 24 గంటల్లోపు పోయేవాళ్లకు లేదు. లండన్‌లో దిగి, తిరుగు ప్రయాణం పారిస్ నుంచో మాడ్రిడ్ నుంచో పెట్టుకుంటే ఇది తప్పుతుంది. కాని మళ్లీ అదే మాట. లండన్‌లో దిగాలంటే బ్రిటన్ వీసా ఉండాలి.

మనకు నిజంగా పనికొచ్చేవి లేవా అంటే ఉన్నాయి, కాని వాటిని ఏ స్క్రీన్‌షాటూ చెప్పదు. ఐస్‌లాండ్, పోర్చుగల్ రెండూ షెంగెన్‌లోవే. ఐస్‌లాండ్‌ఎయిర్, టాప్ కంపెనీలు దారిలో కొన్ని రోజులు ఆగడానికి కిరాయా పెంచవు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం కాన్సులేటులో ఒక్క వీసా తీసుకుంటే సరిపోతుంది. ఇంకొకటి, మనోళ్లు ఎట్లాగూ రెండు మూడేళ్లకోసారి హైదరాబాద్ పోతాం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లుఫ్తాన్సా 2024 నుంచి, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కేఎల్ఎం 2025 నుంచి నేరుగా శంషాబాద్ వస్తున్నాయి. విడిగా ఐరోపా సఫర్ పెట్టుకునే బదులు ఆ టికెట్‌లోనే మల్టీ సిటీ అని పెట్టి వారం ఆగండి, చాలాసార్లు విడిగా పోవడం కంటే బాగా తక్కువ పడుతుంది. ధర దాదాపు సమానంగా ఉంటే ఐరోపా కంపెనీ విమానమే ఎక్కండి. ఐరోపా నుంచి బయల్దేరే విమానం ఎవరిదైనా సరే, ఐరోపాకు వచ్చేటప్పుడు మాత్రం ఐరోపా కంపెనీదైతేనే, నాలుగు గంటలు దాటి ఆలస్యమైతే తలకు 600 యూరోల హర్జానా మీ హఖ్. తుఫాను లాంటి కారణాలకు రాదు. అమెరికాలో ఇట్లాంటి ఖానూన్ లేదు. ఆరు వందలు ఇంటూ ఐదు ఎంతో లెక్క వేసుకోండి.

కాని దోస్తులారా, ఇవి బతికే తరీఖాలు. ఇవి తెలిసినవాడు తెలియనివాడి కంటే ఐదు వందలు మిగుల్చుకుంటాడు, అంతే. దర్వాజాలు నడిపేవాళ్లు వాళ్లే ఉంటారు. మన తెలుగు సంఘాలు ప్రతి మహాసభకూ కాంగ్రెస్ మెంబర్లను పిలిచి శాలువాలు కప్పుతాయి, ఫొటోలు దిగుతాయి. ఈ మాఫీలకు గడువు పెట్టండి, ఇన్నేళ్లకోసారి మళ్లీ విచారించి ముసాఫిర్లకు నుక్సాన్ అయిందో ఫాయిదా అయిందో తేల్చండి అని ఒక్కసారైనా ఎవరైనా అడిగారా? ఐదుగురికి వెతికినప్పుడు ముగ్గురికి తక్కువ ధర సీట్లున్నాయని తెర మీద చూపించాలని కాయిదా తెమ్మని అడిగారా? ఇదేమీ ఇన్‌ఖిలాబ్ కాదు. టికెట్ మీద పన్నులన్నీ కలిపి పూర్తి ధరే చూపాలనే రూల్ కూడా 2012లో అట్లాగే వచ్చింది, కంపెనీలు కోర్టుకు పోయినా నిలబడింది.

మా జిల్లా కాంగ్రెస్ మెంబర్ ఆఫీసుకు నేను ఒక పేజీ చిట్టీ రాశాను. 840, 1,010 రెండు స్క్రీన్‌షాట్లు జత చేశాను. నాకు ఇక్కడ ఓటు లేదు, పద్దెనిమిదేళ్లుగా టాక్సు మాత్రం ఉంది. అందుకని కింద పెద్దమ్మాయితో కూడా దస్తఖత్ పెట్టించాను. దానికి నవంబర్‌లో పద్దెనిమిది నిండుతాయి, ఆ సంగతి కూడా చిట్టీలో రాశాం.